"ఇది మీరే చేశారా?" అని అడగకముందే: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ప్రెజెంటేషన్‌కు ఎలా తయారవ్వాలి

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎండలు ముదిరేసరికి ఫైనల్ ఇయర్ వాళ్ల ప్రాజెక్టు వైవాలు మొదలవుతాయి. బ్యాచ్‌కు ముగ్గురో నలుగురో. ఎదురుగా గైడ్, హెచ్‌ఓడీ, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్. ఆయన ఒక్క రోజులో చాలా బ్యాచ్‌లను చూడాలి కాబట్టి మీకు దక్కేది పది, పదిహేను నిమిషాలు. ఆ కాసేపట్లో ఆయన తేల్చుకోవాలనుకునేది ఒక్కటే: ఈ ప్రాజెక్టు ఈ పిల్లలే చేశారా, ఎక్కడైనా కొనుక్కొచ్చారా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మేవాళ్లు అమీర్‌పేటలోనే కాదు, మన దగ్గరా ఉన్నారు. ఒకే ప్రాజెక్టు పేరు మార్చుకుని నాలుగు కాలేజీలు తిరుగుతుంది. రాత్రుళ్లు కూర్చుని సొంతంగా చేసిన బ్యాచ్ కూడా అదే అనుమానం కింద నిలబడాల్సి వస్తుంది. నిజంగా చేసినవాళ్లు చెప్పుకోవడం రాక మార్కులు పోగొట్టుకుంటుంటే చూడటం కష్టంగా ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తయారు చేసుకోవడానికే. వైవాకు మూడు వారాల ముందు మొదలుపెడితే టెన్షన్ లేకుండా సరిపోతుంది.

1. పీపీటీ తెరవకముందు రెండు వాక్యాలు రాయండి

మీ ప్రాజెక్టు ఎవరికోసం, ఏం చేస్తుంది? ఏం చేయదు? ఈ రెండింటికీ చెరో వాక్యం, తెలుగులోనే రాసుకోండి. "ఏఐ బేస్డ్ స్మార్ట్ అగ్రికల్చర్ సొల్యూషన్" అని టైటిల్ పెట్టుకున్న బ్యాచ్‌ను "అంటే ఏంటమ్మా?" అని అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారు. దాన్నే ఇలా రాసి చూడండి: "నర్సంపేట వైపు మిర్చి రైతు ఆకు ఫోటో తీసి పెడితే, ఆ ముడత దేనివల్ల వచ్చిందో చెప్పే యాప్. మందు పేరు చెప్పదు, వ్యవసాయ అధికారికి చూపించమంటుంది."

రెండో వాక్యం రాయడానికి చాలామంది వెనకాడతారు. చేయలేనిది మనమే ఒప్పుకుంటే మార్కులు తగ్గుతాయని భయం. జరిగేది వేరు. హద్దులు తెలిసినవాడే సొంతంగా పని చేసినవాడని ఎక్స్‌టర్నల్‌కు వెంటనే అర్థమవుతుంది. కొనుక్కొచ్చినవాళ్ల ప్రాజెక్టు మాటల్లో అన్నీ చేస్తుంది.

2. డేటా ఎక్కడిదో ముందే తేల్చుకోండి

మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసేవాళ్లు ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టండి. ఎక్కువ బ్యాచ్‌లు దొరికిపోయేది ఇక్కడే.

పైన చెప్పిన మిర్చి యాప్‌నే తీసుకుందాం. ఆకుల రోగాల ప్రాజెక్టు అనగానే అందరూ ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫోటోల డేటాసెట్ దించుకుంటారు. అందులో 14 పంటలవి 54 వేలకు పైగా ఫోటోలున్నాయి. మిర్చి మాత్రం లేదు. ఉన్నది బెల్ పెప్పర్, అంటే మనం క్యాప్సికమ్ అనేది. దాంట్లోనూ రెండే రకాలు: బ్యాక్టీరియా మచ్చ ఉన్న ఆకు, ఆరోగ్యంగా ఉన్న ఆకు. మన రైతును ఏడిపించేది మాత్రం ముడత. తామర పురుగు పడితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి పడితే కిందికి. వైరస్ వల్ల వచ్చే బొబ్బర తెగులు మళ్లీ వేరే సంగతి. వీటిలో ఏదీ ఆ డేటాసెట్‌లోని పెప్పర్ ఫోటోల్లో లేదు. "మిర్చి రోగాలు గుర్తుపడుతుంది" అని స్లైడ్ మీద రాసి, "ఏ ఫోటోలతో నేర్పించావు?" అన్న మొదటి ప్రశ్నకే తడబడితే ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

ఇంకో చిక్కు ఉంది. ఆ డేటాసెట్‌లోవి ఆకును తెంపి, ఒకే రంగు నేపథ్యం మీద పెట్టి తీసిన ఫోటోలు. దాని మీద 2016లో వచ్చిన ప్రసిద్ధ పరిశోధనలో మోడల్‌కు, అంటే ఆ ఫోటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు, 99.35 శాతం అక్యురసీ (సరైన జవాబుల శాతం) వచ్చింది. అదే మోడల్‌కు వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే అది 31 శాతం చిల్లరకు పడిపోయింది. పరిశోధకులు ఆ సంగతి వాళ్ల పేపర్లోనే రాశారు. మీ స్లైడ్ మీద 99 శాతం చూడగానే, విషయం తెలిసిన ఎక్స్‌టర్నల్‌కు గుర్తొచ్చేది ఆ రెండో అంకె.

కాబట్టి ఒక ఆదివారం మీ బ్యాచ్‌లో ఎవరిదైనా ఊరికి వెళ్లండి. పరకాల కావచ్చు, మహబూబాబాద్ కావచ్చు, ములుగు కావచ్చు, మిర్చి చేను దొరకని దారి తక్కువ. చేలో నిలబడి మామూలు ఫోన్‌తో ఫోటోలు తీయండి. ఎండ పడుతున్నవి, నీడలోవి, వెనక మట్టి కనిపించేవి, పట్టుకున్న వేళ్లు కనిపించేవి, అన్నీ కావాలి. ఆకును పైనుంచే కాకుండా పక్కనుంచి కూడా తీయండి, ముడత పైకా కిందికా అనేది అప్పుడే తెలుస్తుంది. ఆ రైతుతోనే ఏది ఏ ముడతో చెప్పించుకుని రాసుకోండి, వీలైతే ఏఈఓతో (వ్యవసాయ విస్తరణ అధికారితో) సరిచూసుకోండి. వీటిలో కొన్ని ట్రైనింగ్‌కు వాడుకున్నా, మిగతావి అందులో కలపకుండా విడిగా ఉంచి మోడల్‌ను పరీక్షించండి. నలభై ఫోటోల్లో ఇరవై రెండే సరిగ్గా చెప్పిందనుకోండి, ఆ అంకెనే స్లైడ్ మీద పెద్దగా పెట్టండి. పక్కనే అది తప్పు చెప్పిన ఒక ఫోటో, ఎందుకు తప్పిందో మీ అంచనా. ఈ ఒక్క స్లైడ్ బజారులో ఎవరూ అమ్మలేరు.

ట్రైనింగ్‌కూ టెస్టింగ్‌కూ ఫోటోలు ఎలా విడగొట్టారో కూడా చూసుకోండి. ప్లాంట్‌విలేజ్‌లో ఒకే ఆకును రెండు మూడు కోణాల్లో తీసిన ఫోటోలున్నాయి. ఒకటి ట్రైనింగ్‌లోకి, ఇంకొకటి టెస్టింగ్‌లోకి పోతే మోడల్ అదే ఆకును మళ్లీ చూస్తున్నట్టే. ఫోటోలను తిప్పి, మలిచి సంఖ్య పెంచాక విడగొట్టినా ఇదే సమస్య. ముందు విడగొట్టి, తర్వాత ట్రైనింగ్ భాగాన్నే పెంచాలి.

వెబ్‌సైట్, యాప్ ప్రాజెక్టుల వాళ్లకు ఇంత పని లేదు, కానీ నిజమైన డేటా మాత్రం ఉండాలి. ఎనుమాముల మార్కెట్ ధరలు చూపించే యాప్‌లో "మిర్చి: 100, పత్తి: 200" అని తోచిన అంకెలు పెట్టకండి. కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువగా పలికిన) ధర అని మూడు ఉంటాయి, అవి క్వింటాల్‌కు రూపాయల్లో ఉంటాయి. తేజ, వండర్‌హాట్, చపాటా అని రకాలు వేరువేరుగా చూపిస్తే ఈ పిల్లలు మార్కెట్ సంగతి కనుక్కున్నారని చూడగానే తెలుస్తుంది.

3. నలుగురికీ కోడ్ రావాలి

చాలా బ్యాచ్‌లలో కోడ్ రాసేది ఒక్కరే. మిగతావాళ్లలో ఒకరు పీపీటీ, ఒకరు డాక్యుమెంటేషన్, ఇంకొకరు బైండింగ్ ఖర్చు. ఎక్స్‌టర్నల్‌కు ఈ లెక్క తెలుసు. అందుకే మాట్లాడుతున్న అబ్బాయిని వదిలేసి చివర్లో నిలబడ్డ అమ్మాయిని అడుగుతాడు: "నువ్వేం చేశావమ్మా?" అప్పుడు "అది మావోడు చేసిండు సార్" అన్న జవాబుతో బ్యాచ్ మొత్తం మునుగుతుంది.

దీనికి మందు రెండు వారాల ముందే వేసుకోవాలి. ప్రాజెక్టును నాలుగు భాగాలు చేసి ఒక్కొక్కరికి ఒకటి పంచండి. ఎవరి భాగం వాళ్లు వరుసవరుసగా చదివి మిగతా ముగ్గురికి చెప్పాలి. వారం తర్వాత భాగాలు మార్చుకోండి. కోడ్ రాసినవాళ్లు ఈ వారంలో కొత్త ఫీచర్లు ఆపేసి, నేర్పించడానికే కూర్చోవాలి. అది మీకూ మంచిదే, ఎందుకంటే చెప్పేటప్పుడే మీ కోడ్‌లో మీకే అర్థం కాని చోట్లు బయటపడతాయి. ఇంటర్నెట్‌లోంచో, చాట్‌జీపీటీ నుంచో తెచ్చుకున్న ముక్కలుంటే అవి ఇప్పుడు దొరుకుతాయి. వాడుకోవడం తప్పని నేను అనను. ఏ లైన్ ఏం చేస్తుందో తెలియకుండా వైవాలో నిలబడటం తప్పు.

తర్వాత ఈ సాధన చేయండి: రిజిస్ట్రేషన్ పేజీలో ఫోన్ నంబర్ అనే కొత్త గడి కలపండి. చిన్న పనే, ఎక్స్‌టర్నల్స్ అడిగేదీ ఇలాంటిదే. ఫారమ్‌లో ఇన్‌పుట్ పెట్టాలి, సర్వర్ వైపు ఆ విలువ అందుకోవాలి, టేబుల్‌లో కాలమ్ కలపాలి, పది అంకెలున్నాయో లేదో చూడాలి. నాలుగు చోట్ల చేయి పెట్టాలి. ఏ ఫైల్ తెరవాలో వెతుక్కోకుండా నలుగురిలో ఎవరైనా దీన్ని చేయగలిగిన రోజు, మీరు తయారైనట్టు. ఫోన్ నంబర్ కాలమ్‌ను ఇంటీజర్‌గా కాక టెక్స్ట్‌గా ఎందుకు పెట్టారో చెప్పగలిగితే ఇంకా మంచిది. మామూలు ఇంటీజర్‌కు పది అంకెల మొబైల్ నంబర్ పట్టదు, ముందున్న సున్నా, ప్లస్ గుర్తు నిలవవు.

కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఎవరి అకౌంట్ నుంచి వాళ్లు కమిట్లు (కోడ్ మార్పుల నమోదులు) చేసి ఉంటే ఆ జాబితా చూపించండి. తేదీలతో సహా అంత బలమైన సాక్ష్యం ఇంకోటి లేదు.

4. స్లైడ్లు

కాలేజీ టెంప్లేట్ ఇస్తే అదే వాడండి. పన్నెండు స్లైడ్లు చాలు. అక్షరాలు 24 సైజుకు తగ్గొద్దు. నల్ల నేపథ్యం మన క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్ల మీద కనిపించదు, పైగా మధ్యాహ్నం కిటికీల వెలుతురు. తెల్ల నేపథ్యం, నల్ల అక్షరాలు పెట్టండి. కోడ్ చూపించే ఎడిటర్‌కు కూడా లైట్ థీమ్ పెట్టి, కంట్రోల్ ప్లస్‌తో అక్షరాలు పెంచండి.

యూఎంఎల్ డయాగ్రమ్‌లు (ప్రాజెక్టు నిర్మాణం చూపించే బొమ్మలు) డాక్యుమెంట్ కోసం కాకుండా మీ ప్రాజెక్టు కోసం గీయండి. యూజ్ కేస్‌లో "అడ్మిన్" అని బొమ్మ గీసి, యాప్‌లో అడ్మిన్ లాగిన్ లేకపోతే ఆ బాణం దగ్గరే ప్రశ్న మొదలవుతుంది. క్లాస్ డయాగ్రమ్ మొత్తం ఒక స్లైడ్‌లో పట్టకపోతే ముఖ్యమైన మూడు క్లాసులే చూపించి, మిగతాది డాక్యుమెంట్‌లో ఉందని చెప్పండి.

సీనియర్ల ఫైల్ మీద దిద్దుకుంటూ రాసిన డాక్యుమెంటేషన్ అయితే, పాత ప్రాజెక్టు పేరును ఫైల్ మొత్తంలో వెతికి చూడండి. మిర్చి యాప్ టెస్ట్ కేసుల్లో పాత లైబ్రరీ ప్రాజెక్టు నాటి "బుక్ ఇష్యూడ్ సక్సెస్‌ఫుల్లీ" అని కనిపిస్తే ఇక ఏం చెప్పినా నమ్మరు. స్పైరల్ బైండింగ్‌కు ఇచ్చే ముందు నలుగురూ తలో పాతిక పేజీలు చదవండి. ఆ వారంలో జిరాక్స్ షాపుల దగ్గర రద్దీ ఉంటుంది. సర్టిఫికెట్ పేజీ మీద గైడ్, హెచ్‌ఓడీ సంతకాలకు ఒక రోజు విడిగా ఉంచుకోండి.

5. డెమో కాలేజీలోనే నడవాలి

రూమ్‌లో బాగా నడిచిన డెమో కాలేజీలో ఆగిపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే.

ఇంటర్నెట్‌లో డేటాబేస్ నడిపే మాంగోడీబీ అట్లాస్‌లో మీది పెట్టుకుంటే, అది మీరు అనుమతించిన ఐపీ అడ్రస్‌ల నుంచి వచ్చే కనెక్షన్లనే ఒప్పుకుంటుంది. రూమ్ వైఫై ఐపీ ఒక్కటే ఇచ్చి ఉంటే కాలేజీ నెట్ మీద లాగిన్ పేజీ తిరుగుతూనే ఉంటుంది. కాలేజీ ఫైర్‌వాల్ 27017 పోర్టును మూసేసినా అంతే. ఉచిత హోస్టింగ్‌లో పెడితే, కాసేపు ఎవరూ వాడకపోయేసరికి సర్వర్ ఆగిపోయి, మళ్లీ లేవడానికి నిమిషం దాకా తీసుకుంటుంది. ఎక్స్‌టర్నల్ ముందు ఆ నిమిషం చాలా పొడుగు. ఫోన్ బ్రౌజర్‌లో కెమెరా వాడే యాప్ అయితే ఇంకో సంగతి: హెచ్‌టీటీపీఎస్ మీదో, లోకల్‌హోస్ట్ మీదో తప్ప బ్రౌజర్ కెమెరా తెరవనివ్వదు. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ కొట్టి ఫోన్‌లో తెరిస్తే పేజీ వస్తుంది, కెమెరా రాదు.

అందుకని సర్వర్, డేటాబేస్, మోడల్ అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, ఇంటర్నెట్ లేకుండా నడిచేలా ఒక కాపీ ఉంచండి. వైఫై ఆపేసి మొదటి నుంచి చివరి దాకా నడిపి చూడండి. ఆండ్రాయిడ్ యాప్ అయితే ఫోన్ చేత్తో పట్టుకుని చూపించకండి, వెనక కూర్చున్నవాళ్లకు ఏమీ కనిపించదు. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫోన్ తెరను ల్యాప్‌టాప్ మీదికి తెచ్చుకోవచ్చు.

ముందు రోజు వైవా జరిగే గదికి వెళ్లి ప్రొజెక్టర్‌కు కనెక్ట్ చేసి చూడండి. పాత ప్రొజెక్టర్లకు వీజీఏ కేబులే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ రంధ్రమే ఉండదు. అడాప్టర్ మీరే తెచ్చుకోవాలి. తెర రాకపోతే విండోస్ కీ పట్టుకుని పీ నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయండి, అప్‌డేట్లు ఆపండి, ఛార్జర్‌తో పాటు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకోండి. ఎండాకాలం కరెంటును నమ్మలేం కాబట్టి బ్యాటరీ నిండుగా ఉండాలి. డెమో మొత్తం రెండు నిమిషాల స్క్రీన్ రికార్డింగ్‌గా పెన్‌డ్రైవ్‌లో, ఇంకో ల్యాప్‌టాప్‌లో ఉంచండి. అన్నీ ఆగిపోయినా చూపించడానికి ఒకటి మిగులుతుంది.

6. చెప్పేటప్పుడు

మామూలు వరుస ఏంటంటే అబ్‌స్ట్రాక్ట్, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, మాడ్యూల్స్, డయాగ్రమ్‌లు, అన్నీ అయ్యాక చివర్లో టైమ్ ఉంటే డెమో. టైమ్ ఉండదు. గైడ్‌ను ముందే అడిగి డెమోను ముందుకు తెచ్చుకోండి: పేర్లు, ఆ రెండు వాక్యాలు, వెంటనే డెమో. అది కూడా ఒకే మనిషి ఒకే పని, మొదటి నుంచి చివరి దాకా. రైతు ఫోటో పెట్టాడు, జవాబు వచ్చింది. ఆ తర్వాత అది తప్పు చెప్పే ఫోటో ఒకటి మీరే పెట్టి చూపించండి. లాగిన్, ఫర్గాట్ పాస్‌వర్డ్, ప్రొఫైల్ పేజీలన్నీ తిప్పుతూ కూర్చోకండి.

ఇంగ్లిష్ గురించి కొంచెం చెప్పాలి. ఊళ్లలో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లు పని బాగా చేసి, ఇంగ్లిష్ భయంతో నోరు మెదపరు, లేదా స్లైడ్ మీద ఉన్నదంతా అప్పజెప్తారు. పేరాలు బట్టీ పట్టకండి. ఒక్కో స్లైడ్‌కు మూడు చిన్న వాక్యాలు చాలు. "యూజర్ అప్‌లోడ్స్ ఎ ఫోటో. సర్వర్ రీసైజెస్ ఇట్. మోడల్ గివ్స్ ద రిజల్ట్." ఇంతకంటే పెద్దవి అక్కర్లేదు. ప్రశ్నల దగ్గర మాట రాకపోతే "సార్, కెన్ ఐ ఎక్స్‌ప్లెయిన్ ఇన్ తెలుగు?" అని ధైర్యంగా అడగండి. మన దగ్గర చాలామంది సరే అంటారు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది విషయం.

రిహార్సల్ జూనియర్ల ముందు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, నిలబడి చేయండి. మీ ప్రాజెక్టు తెలియనివాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి, ఎక్స్‌టర్నల్ ప్రశ్నల్లో సగం అవే ఉంటాయి.

7. ప్రశ్నలు వచ్చినప్పుడు

ప్రశ్న పూర్తిగా వినండి. ఒకరు చెప్తుంటే ఇంకొకరు మధ్యలో అందుకోవద్దు. "మైఎస్‌క్యూఎల్ కాకుండా మాంగోడీబీ ఎందుకు?" అంటే "లేటెస్ట్ టెక్నాలజీ సార్" అనేది జవాబు కాదు. "మాకు అదే వచ్చు సార్, ఈ ప్రాజెక్టుకు మైఎస్‌క్యూఎల్ కూడా సరిపోయేది" అని నిజం చెప్పండి, నమ్ముతారు. పాస్‌వర్డ్‌లు ఎలా దాస్తున్నారు, అక్యురసీ కాక ప్రెసిషన్ (రోగం అని చెప్పినవాటిలో నిజమైనవి), రీకాల్ (నిజంగా రోగం ఉన్నవాటిలో పట్టుకున్నవి) ఎంత, ఒకేసారి ఇద్దరు అదే బటన్ నొక్కితే ఏమవుతుంది అనేవి తరచూ వచ్చేవి. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసిన చోటు నుంచి ఒక అడుగు వేయండి: "అది మేం చూడలేదు సార్. బహుశా ఈ ఫైల్‌లో చెక్ పెట్టాలి." అని ఆ ఫైల్ తెరిచి చూపించండి. కల్పించి చెప్పిన జవాబు తర్వాతి ప్రశ్నలో బయటపడుతుంది.

8. అయ్యాక

ఎక్స్‌టర్నల్ చెప్పిన మార్పులు గది బయటికి రాగానే నలుగురూ కలిసి రాసుకోండి, ఫైనల్ బైండింగ్‌లో అవి ఉండాలి. చేలో ఫోటోలు తీసుకోనిచ్చిన రైతుకు ఫోన్ చేసి యాప్ ఏం చెప్పిందో, ఎక్కడ తప్పిందో చెప్పండి.

కోడ్‌ను గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేముందు ఏపీఐ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్ తీసేయండి. ఫైల్‌లోంచి తీసేసినా పాత కమిట్లలో అవి అలాగే ఉంటాయి, కాబట్టి ఆ కీలను రద్దు చేసి కొత్తవి తీసుకోవాలి. రీడ్‌మీలో ఆ రెండు వాక్యాలు, చేలో తీసిన ఫోటోల మీద వచ్చిన అంకె, ఎలా నడపాలో రాయండి. ఉద్యోగం ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు ఆ లింకే ఇవ్వండి.